ఖాళీ క్యాసెట్‌కు గిద్దెడు బియ్యం

పోయిన శుక్రవారం పొద్దున పెద్దపల్లి నుంచి కబురొచ్చింది, మా బావ లేడని. అక్క భర్త. నలుగురిలో మాట్లాడటం నాకు రాదు. అందుకే రాస్తున్నాను.

స్టేషన్ రోడ్డులో బావకు క్యాసెట్ల దుకాణం ఉండేది. ఖాళీ క్యాసెట్లు అమ్మేవాడు, అడిగిన పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. ఒకసారి మా ఊళ్లో నాట్లు వేస్తూ ఒక ముసలమ్మ పాడుతుంటే, గట్టు మీద కూర్చుని టేపులో పట్టాడు. ఆ పాట కోసం జనం ఎగబడ్డారు. అప్పటి నుంచి ఆ ముసలమ్మ కోసం దుకాణంలో ఒక సంచి, ఒక ఇత్తడి గిద్దె పెట్టాడు. ఏ ఖాళీ క్యాసెట్ అమ్మినా సంచిలో గిద్దెడు బియ్యం పోసేవాడు, తన ఇంటివే.

"ఖాళీ దానికి గూడ మేరనా? నీకేమన్న పిచ్చి లేసిందానే?" అని నవ్వారు ఒకరు.

"కల్లంల గింజలు ఇంటికి రాకముందే కమ్మరికి, నాగలి చేసే వడ్లాయనకు మేర తీస్తలేమా? పాట గూడ పనే. ఇయ్యాల ఖాళీగ కొన్నోడు రేపు ఆమె పాట ఎక్కించుకోడా?" అన్నాడు బావ.

అంగడి నాడు ముసలమ్మ వచ్చి కొంగు పట్టేది. నడుము వంగిపోయింది, కూలికి ఎవరూ పిలవడం లేదు. ఆ బియ్యంతోనే వారం గడిచేది.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ పాట నాకూ కావాలనిపించింది. అడిగితే బావ పైసలు తీసుకోడు. అడగడానికి సిగ్గేసింది. విని ఇస్తానని అక్క దగ్గర క్యాసెట్ తీసుకుని, బస్టాండు దగ్గర ఇంకో దుకాణంలో ఎక్కించుకున్నాను. దుకాణందారు తనకూ ఒకటి ఉంచుకుంటాడని నాకు తట్టలేదు.

నెల తిరగకముందే ఆ పాట జాతరల్లో, జీపుల్లో, ఉట్నూర్ దాకా మోగింది. జనమంతా ఆ దుకాణానికే పోయారు. బావ నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాడు.

"ముసలామెకు జర మేర తియ్యి తమ్మీ."

"నువ్వు సినిమా పాటలు ఎక్కిస్తలేవా అన్నా? గా పాడినోళ్లకు ఎన్ని గిద్దెలు పోసినవ్?"

వాడు నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. బావ చూడలేదు. దారిలో "వాడన్నది అబద్ధం కాదు బామ్మర్దీ" అన్నాడు. మరునాటి నుంచి సినిమా పాటలు ఎక్కించడం మానేశాడు. ఉన్న గిరాకీ కూడా పోయింది.

"నా పాట పాతబడ్డదా కొడుకా?" అని అడిగింది ముసలమ్మ, సంచి అడుగు చూసి.

"లేదవ్వా, గీ వారం క్యాసెట్లే రాలే."

అక్క బియ్యం డబ్బాలో ఉన్నవి తెచ్చి పోశాడు. అవీ అయిపోయాయి. ఆ చలికాలం ఆమె పోయింది. కుండలో గింజ లేదన్నారు.

"వానికి గా పాట ఎవలిచ్చిండ్రో?" అనేవాడు బావ, చివరిదాకా. నేను పక్కనే ఉండేవాణ్ని.

బావ పోయిన మూడోనాడు పిట్టకు పెట్టాం, కాకి ముడితే ఆయన మనసు నిండినట్టు. విస్తరి పక్కన అక్క ఆ గిద్దె పెట్టింది. కాకి వచ్చింది, ముట్టలేదు.

"ఆయన మనసుల ఏదో ఉన్నది. ఎరుకైనోళ్లు చెప్పుండ్రి" అంది అక్క. చుట్టాలు పిల్లల్ని చూసుకుంటామన్నారు, అప్పు తీరుస్తామన్నారు. నేను అందరి వెనక్కి జరిగాను. ఎండ నడినెత్తికి వచ్చింది. విస్తట్లో మెతుకులు బిరుసెక్కుతున్నాయి. కాకి గోడ మీదే కూర్చుంది.