మేనత్త ఊపిరిలో స్ప్రింగు

మొన్న పొద్దున బల్లార్‌పూర్ నుంచి మరదలు ఫోన్ చేసింది. "అమ్మ పోయింది బావా. చాయి తాగుకుంట పక్కింటామెతోని నవ్వుతుండె, గట్లనే ఒరిగింది." నాకూ ఏడుపొచ్చింది. కానీ మా మేనత్త నవ్వుతూ పోయిందంటే ఆశ్చర్యం మాత్రం కలగలేదు.

నిజానికి ఆమె బల్లార్‌పూర్‌లోని మా కాలనీకి కేబుల్ టీవీ వచ్చిన కొత్తలోనే పోవలసింది. మామ బొగ్గుగనిలో పనిచేసేవాడు. అత్తకు క్షయ వచ్చి, మందులు వాడాక తగ్గింది. తర్వాత ఒకనాడు రొట్టెలు చేస్తూ దగ్గితే దోసెడు రక్తం పడింది. చంద్రపూర్ ఆస్పత్రి వాళ్లు నాగపూర్ పంపారు. తోడుగా నేనూ వెళ్లాను.

పాత జబ్బు తినేసిన చోట ఊపిరితిత్తిలోని రక్తనాళం గోడ పలచబడి బుడగలా ఉబ్బిందని, అది పగిలితే ప్రాణం దక్కదని అక్కడి డాక్టరు చెప్పాడు. ఛాతీ కోసి ఆ భాగం తీసెయ్యాలి. లేదంటే తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టం పంపి, గుండె మీదుగా అక్కడికి చేర్చి, ఆ నాళాన్ని చిన్న లోహపు స్ప్రింగులతో మూసెయ్యొచ్చు. కొత్త పద్ధతి, ఖాయమని చెప్పలేనన్నాడు.

"గుండెలకెల్లి తీగ పోనిస్తరా? వద్దే, ఇంటికి పోదాం," అన్నాడు మామ.

"ఇంటికి పోయినంక పగిల్తే ఎవల్ని పిలుస్తవ్? కొయ్యకుంట అయితదంటుండు గదా, కానియ్యి," అంది అత్త.

మెలకువగా ఉంచే చేశారు. బయట మామ ముందు చాయి చల్లారిపోయింది. స్ట్రెచర్ మీద బయటికొస్తూనే అత్త మొదలుపెట్టింది.

"నా గుండెను నేనే టీవీల సూసిన్రా! మన కేబుల్ కంటె సాఫ్‌గ కనవడ్డది. మందు ఎక్కిస్తుంటె రొమ్ముల వేడి చాయి పోసినట్టయింది. ఊపిరి బిగబట్టు, బోలూ నకా, మాట్లాడకు అని డాక్టరు ఒక్కటే చెప్పుడు. మీ మామ ఇన్నేండ్లల్ల నా నోరు మూయించలేకపోయిండు, ఆయన మూయించిండు!"

మామ ముందు నవ్వాడు, తర్వాత ఏడ్చాడు.

రక్తం మళ్లీ పడలేదు. కాలనీలో ఎవరు ఆస్పత్రికి జంకినా అత్త వాళ్లింటికి వెళ్లేది. "నా లోపట స్ప్రింగున్నది, సూడు," అని ఒక్క గెంతు గెంతేది. "భయపడుకుంటనన్న దవఖానకు పోవాలె," అనేది. నా కడుపు ఆపరేషన్‌కు నేను ఆ మాట పట్టుకునే వెళ్లాను.

నాగపూర్ నుంచి వచ్చిన ఆ ఏడే బతుకమ్మకు, డాక్టరు సరేనన్నాకే, అత్త పాట ఎత్తుకుంది. మరాఠీ ఆడవాళ్లూ చప్పట్లు కలిపారు. నడుమ ఆమె ఊపిరికి ఆగితే వలయమంతా ఆగిపోయింది. వేన్నీళ్ల చెంబుతో కాచుకుని నిలబడ్డ మామ ఒక్క పరుగున వచ్చాడు. అత్త గుండెనిండా గాలి పీల్చుకుంది. ఆయన రెట్ట పట్టి ఆడవాళ్ల నడుమకు లాగి, మళ్లీ పాడసాగింది. మామ ఒక చేత్తో చెంబు పట్టుకుని, రెండో చేత్తో తొడ మీద తాళం వేస్తూ, అడుగులన్నీ తప్పుతూ తిరిగాడు.