ఊర్మిల టైమ్‌టేబుల్

మార్కండేయులుకు సిరిసిల్లలో ఎనిమిది సాంచెలు ఉండేవి. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఎనిమిదీ ఒక్కసారి నడిస్తే పక్కింటివాళ్లు సైగలతో మాట్లాడుకోవాల్సిందే. వాటిలో ఒక్కటి ఆగినా ఆయనకు అన్నం సయించేది కాదు. 1988లో చిన్న కూతురు ఊర్మిల పదో తరగతి ఫస్టు క్లాసులో పాసై, జూనియర్ కాలేజీలో బైపీసీలో చేరింది. కాలేజీ పదింటికి మొదలై నాలుగింటికి అయిపోతుందని తెలిసిన రోజు ఆయన గాభరా పడ్డాడు. మిగతా పద్దెనిమిది గంటలు పిల్ల ఏం చేస్తుంది?

పిల్లను డాక్టరును చేయాలని ఆయన ఎప్పుడో నిశ్చయించుకున్నాడు. అయితే ఎంసెట్‌లో మార్కులొక్కటే చాలవనీ, ఎన్‌సీసీ కోటా ఉంటుందనీ, ఆటల కోటా ఉంటుందనీ, సర్టిఫికెట్లు ఎన్ని ఉంటే అంత మంచిదనీ కరీంనగర్ బస్సులో పక్క సీటు మనిషి చెప్పాడు. ఆ మనిషి పేరు అడిగేలోపే వేములవాడ వచ్చింది, దిగిపోయాడు. ఊర్మిల రెండేళ్ల బతుకు ఆ పేరు తెలియని మనిషి మాట మీద నడిచింది.

మార్కండేయులు ఒక పెద్ద కాగితం మీద గీతలు కొట్టి టైమ్‌టేబుల్ రాసి గోడకు అతికించాడు. పొద్దున ఆరింటికి టైపు. డాక్టరు కాకపోతే కనీసం గుమాస్తా అయినా కావద్దా? ఏడింటికి ఫిజిక్సు ట్యూషను. సాయంత్రం మూడు రోజులు ఎన్‌సీసీ, మూడు రోజులు ఖోఖో. చీకటి పడ్డాక హిందీ పరీక్షల చదువు. తల్లి ఇంద్రమ్మ కాగితం ముందు కాసేపు నిలబడి, పిల్ల ఎప్పుడు తింటుందని అడిగింది. మార్కండేయులు కూడా చూశాడు. ఎక్కడా లేదు. ట్యూషనుకూ కాలేజీకీ మధ్య సందులో చిన్న అక్షరాలతో ‘అన్నం’ అని ఇరికించాడు.

ఖోఖోలో ఊర్మిల గొప్ప ఆటగత్తె ఏమీ కాదు. గీత మీద గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని బొద్దింక నోటి భాగాలు వల్లె వేసుకునేది. వెనక నుంచి ఎవరో ‘ఖో’ అని వీపు మీద చరిస్తే, ఉలిక్కిపడి అవతలి జట్టు పరుగెత్తే దిక్కుకు కాక ఇంటి దిక్కుకు పరుగెత్తేది. ఎన్‌సీసీ సంగతి వేరు. బాటనీ చెప్పే ఎహసాన్ సారే దానికి అధికారి. ఇరవైమంది ఆడపిల్లలు ఉంటే తప్ప దళం మంజూరు కాదు, ఆయనకు పందొమ్మిదిమందే దొరికారు. అందుకని ఊర్మిల ఎత్తు కొలవకుండానే ఖాకీ బట్టలు ఇచ్చేశాడు. ప్యాంటు రెండు మడతలు పెట్టినా నేలను ఊడ్చేది.

ఇవి చాలవన్నట్టు రాజలక్ష్మి వచ్చింది. క్లాసులో మార్కులకు, మాటలకు ముందుండే పిల్ల. విద్యార్థి సంఘంలో ఉండేది. ఆమె నచ్చజెప్పిన తీరు బాగుంది. ఈ చదువు, ఈ పరీక్షలు, ఈ సర్టిఫికెట్లు అన్నీ దోపిడీ వ్యవస్థవని గంటసేపు వివరించి, చివరకు ఊర్మిల దస్తూరి ముత్యాల్లా ఉంది కాబట్టి గోడపత్రిక రాయాలనీ, గొంతు బాగుంది కాబట్టి బుధవారం పాటలకు రావాలనీ చెప్పింది. బుధవారం ఖోఖో ఉందని ఊర్మిల అంటే, ప్రజల కోసం అరగంట లేదా అని అడిగింది. అరగంట ఎక్కడా లేదు, అన్నం దగ్గర తప్ప. ఊర్మిల అదిచ్చింది. టైమ్‌టేబుల్‌లో బుధవారం ‘అన్నం’ కొట్టేసి, అక్కడ ‘పాటలు’ అని తానే రాసుకుంది.

రెండో సంవత్సరం కూలి రేట్ల కోసం సాంచెల కార్మికులు సమ్మె కట్టారు. చౌరస్తాలో మైకు పెట్టి, సాంచెల యజమానుల మీద పాట పాడారు. గొంతు ఊర్మిలది. ఆగిపోయిన ఎనిమిది సాంచెల మధ్య కూర్చున్న మార్కండేయులుకు ఆ పాట మాట పొల్లుపోకుండా వినిపించింది. కూతురు ఇంటికి వచ్చేదాకా ఆయన కదల్లేదు. ఇంద్రమ్మ తలుపు దగ్గర నిలబడింది, ఏమవుతుందోనని.

“గా పాటకు సర్టిఫికెట్ ఇస్తరా?” అని అడిగాడు ఆయన.

“ఇయ్యరు బాపు.”

“మరి ఎందుకు పాడుడు?”

సంఘం వాళ్లు చాలా జవాబులు నేర్పారు కానీ, ఈ ప్రశ్నకు నేర్పలేదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. కాలేజీ గోడ మీద ముత్యాల్లాంటి దస్తూరితో ఉన్న కాగితం ఎవరిదో కనుక్కోవడానికి వాళ్లకు మూడు వారాలు పట్టింది. ఊర్మిల ఆ రోజు జ్వరంతో ఇంట్లోనే ఉంది. కాలేజీలో చేరాక ఆ పిల్ల పగలు పడుకోవడం అదే మొదలు. ఎస్సై ఇల్లంతా కలియజూసి, గోడ మీది కాగితం దగ్గర ఆగాడు. పెదాలు కదుపుతూ చదివాడు. బుధవారం పాటలు. శుక్రవారం కప్పలు కోయుడు. ఆదివారం ఫైరింగు.

“ఫైరింగు ఎవడు నేర్పుతుండు?” అన్నాడు.

ఊర్మిల దుప్పటి కప్పుకునే లేచి నిలబడింది. “మీరే నేర్పుతున్నరు సార్. మొన్న ఆదివారం ఎన్‌సీసీకి మీ మైదానంల మీ హెడ్డు సారే రైఫిలు ఎట్ల పట్టాల్నో సూపిచ్చిండు.”

ఎస్సై వెనక్కి తిరిగి హెడ్డు కానిస్టేబులును చూశాడు. హెడ్డు సాంచెలను చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

కప్పల సంగతి అంత తేలిగ్గా తేలలేదు. కప్ప అంటే ఇన్‌ఫార్మరని ఎస్సై అనుమానం. ఎహసాన్ సారును పిలిపించారు. ఆయన పాఠం చెప్పే గొంతుతో, కప్ప గుండెకు మూడు గదులుంటాయనీ, ప్రాక్టికల్సులో పిల్లలు దాన్ని కోయాల్సిందేననీ విడమరిచి చెప్పాడు. ఎస్సై మూడు గదులనూ పుస్తకంలో రాసుకున్నాడు. పోతూ పోతూ టైమ్‌టేబుల్, పాటల నోటుబుక్కు, జువాలజీ రికార్డు పట్టుకుపోయారు.

ఆ సాయంత్రమే రాజలక్ష్మిని స్టేషనుకు తీసుకుపోయారు. మూడో రోజు విడిచిపెట్టారు. నెల తిరక్కుండా ఇంటివాళ్లు ఆమెను బొంబాయి దగ్గర భీవండిలో ఉన్న మేనత్త దగ్గరికి పంపేశారు. కాలేజీ రిజిస్టరులో ఆమె పేరు మీద ఎర్రగీత పడింది. సంఘం వాళ్లు ఆమె గురించి ఒక గోడపత్రిక రాద్దామనుకున్నారు కానీ, దస్తూరి బాగున్నవాళ్లు ఎవరూ దొరకలేదు.

పోలీసులు వచ్చిన వారమే మార్కండేయులు తలుపుకు అన్నల చీటీ ఒకటి అంటుకుని ఉంది. నక్సలైట్లను అక్కడ అన్నలు అంటారు. ఖాకీ బట్టలు తొడిగి పోలీసుల మైదానానికి పోతున్న పిల్లను అదుపులో పెట్టుకొమ్మని దాని సారాంశం. ఆయన చీటీ చదివి, పెరట్లో పొయ్యి వెలిగించాడు. అన్నల భయానికి ఖాకీ బట్టలు, పోలీసుల భయానికి గోడపత్రిక కాగితాలు ఒకే మంటలో వేశాడు. మధ్యలో ఏ భయానికో ఖోఖో బనియను కూడా వేశాడు.

మర్నాటి నుంచి ఊర్మిలకు ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు. టైమ్‌టేబుల్ స్టేషన్లో ఉంది. ఎహసాన్ సారు ఒక తెల్ల రికార్డు పుస్తకం పట్టుకొచ్చి, పరీక్షలయ్యేదాకా పిల్లను ఏ పనికీ పంపొద్దని మార్కండేయులుకు గట్టిగా చెప్పాడు. ఊర్మిల వైపు తిరిగి, “ఇగ ఏం చెయ్యకు బేటీ. సదువు, తిను, పండుకో” అన్నాడు. ఆమె బొమ్మలన్నీ మళ్లీ గీసింది. నాలుగు నెలలు చదివింది. రెండేళ్లలో మొదటిసారి, చదివిన దాంట్లో ఏముందో ఆమెకు అర్థమైంది. మొక్కల పాఠాలు తనకు ఇష్టమన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది.

ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది, మెడిసిన్ సీటుకు మాత్రం చాలలేదు. మార్కండేయులు అధైర్యపడలేదు. టైపు లోయరు, హిందీ ప్రాథమిక, ఖోఖోలో పాల్గొన్నట్టు కాగితం అన్నీ ఒక సంచిలో పెట్టుకుని కూతురితో హైదరాబాదు కౌన్సిలింగుకు పోయాడు. అక్కడి గుమాస్తా ర్యాంకు కార్డూ కులం సర్టిఫికెట్టూ తీసుకుని, మిగతా కట్టను ఒక్క వేలితో ఇవతలికి నెట్టాడు. బీఎస్సీ అగ్రికల్చరు వస్తుంది, కావాలా అన్నాడు.

“సాలోళ్లం మనం. గుంటెడు జాగ లేదు. మనకు ఎవుసం సదువేంది బిడ్డా?” అన్నాడు మార్కండేయులు.

“నాకు కావాలె బాపు” అని ఊర్మిల సంతకం పెట్టింది. సంచిలో ఉన్న ఏ సర్టిఫికెట్టూ ఆమె అడిగి తెచ్చుకున్నది కాదు. ఇది అడిగింది.

కొన్నేళ్లకు ఆమె మేడిపల్లి మండలానికి వ్యవసాయాధికారిగా వచ్చింది. సిరిసిల్లలో మార్కండేయులు బిడ్డ డాక్టరని చెప్పుకునేవాడు. దేనికి డాక్టరని అడిగితే సాంచెలు నడుస్తున్నప్పుడు మాత్రమే జవాబు చెప్పేవాడు.

మేడిపల్లిలో ఆమె రైతుల పొలాలకు తిరుగుతుంటే, ఏ ఊరికి పోతున్నావు, ఎవరిని కలుస్తున్నావు అని పోలీసులు అడిగేవారు. ఊళ్లలో అన్నలు వచ్చి అదే అడిగేవారు. ఇద్దరికీ ఆమె చెప్పేది ఒకటే, దోమపోటు ఏ వరికి తగిలితే ఆ వరికి పోతున్నానని. ఇద్దరికీ నమ్మకం కుదిరేది కాదు. వాళ్లు తేల్చుకునేలోగా ఆమె చెప్పులు గట్టు మీద విడిచి బురదలోకి దిగేది.