గోరు కింది పొర

అతని ఎడమచేతి చూపుడువేలి గోరు పక్కన నాలుగేళ్ల క్రితం పులిపిరిలాంటిది లేచింది. ముప్పయ్యేళ్లుగా మాంసం కొట్టు నడుపుతున్నవాడికి చేతిమీద పులిపిర్లు కొత్త కాదు. అతని వైద్యమూ పాతదే. సన్నకత్తితో దాన్ని నున్నగా చెక్కేసి, కాల్చిన ఇనుపకడ్డీ కొస అక్కడ అదిమేవాడు. చర్మం చుయ్యిమనేది. పళ్లు బిగించి, ఇరవై దాకా లెక్కపెట్టి, మళ్లీ పనిలో పడేవాడు.

మూడు నెలలకోసారి అది తిరిగొచ్చేది. గోరు అంచు చీలింది, పక్కన గోధుమరంగు చార దిగింది. మందుల షాపులో ఫంగస్ అని లేపనం ఇస్తే ఏడాది రాశాడు.

"నీ గోరు చూసి కొనేవాళ్లు పారిపోతున్నారు బావా," అన్నాడు కొట్టులో తోడుగా పనిచేసే బావమరిది.

"నీ మొహం చూసి పారిపోనివాళ్లు నా గోరు చూసి పారిపోతారేంట్రా?"

చివరికి భార్యే అతన్ని చర్మవైద్యురాలి దగ్గరికి లాక్కెళ్లింది. "దీన్ని ఎన్నిసార్లు కోశారు?" అని వైద్యురాలు అడిగితే లెక్క చెప్పలేకపోయాడు. ఆమె గోరు కింది నుంచి బియ్యపుగింజంత ముక్క తీసి పరీక్షకు పంపింది.

పదో రోజున ఫలితం వచ్చింది. క్యాన్సర్. చర్మం పైపొరలోనే ఉంది, లోపలికి దిగలేదు. కణాల్లో పాపిలోమా వైరస్ పదహారో రకం కనిపించింది. చేతులమీద మామూలు పులిపిర్లు తెచ్చే రకాలు వేరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యేవాటిలో ఇదొకటి. వేలికి ఎలా చేరిందో కచ్చితంగా చెప్పలేనని, భార్య కూడా పరీక్ష చేయించుకోవడం మంచిదని వైద్యురాలు చెప్పింది. గోరూ దాని కింది చర్మమూ తీసేస్తే వేలు దక్కుతుందని కూడా చెప్పింది. ఆ మాట అతని చెవికెక్కలేదు.

తిన్నగా మాంసం కొట్టుకు వచ్చాడు. మొద్దుమీద చూపుడువేలు చాపి, మిగతావి మడిచి, నరుకుకత్తి ఎత్తాడు.

బావమరిది మీదపడ్డాడు. కత్తి గురి తప్పి మొద్దులో అంగుళం దిగింది.

"వదల్రా! పైకి పాకేలోపు తెగ్గొట్టాలి!"

మోచేతి దెబ్బకు బావమరిది ముందుపన్ను ఊడి నేలమీద పడింది. అయినా పట్టు వదల్లేదు. ఇద్దరూ అద్దాల బీరువామీదికి ఒరిగారు. గాజు పగిలి అరచేతులు చీలాయి. నేలమీది నెత్తుటిలో మేకది ఏదో, మనుషులది ఏదో తెలియలేదు.

అతని వెనకే వచ్చిన భార్య ఐసునీళ్ల బకెట్ ఎత్తి ఇద్దరిమీదా గుమ్మరించింది.

"ఏమయ్యా, కాలేయం మీద పొర తీయమంటే కాలేయమంతా చెత్తలో పారేస్తావా?"

అతను రొప్పుతూ ఆమె వంక చూశాడు. "ఎందుకు పారేస్తాను?"

"డాక్టరమ్మ పొర అంది. నువ్వు వేలంటున్నావు."

"అక్క మాట విను బావా," అన్నాడు బావమరిది నెత్తురు ఉమ్ముతూ. "నీ వేలు కాపాడబోతే నా పన్ను పోయింది. ఇప్పుడు వేలూ పోతే నా పన్ను దండగ."

అతను కత్తిని మొద్దులోనే వదిలేశాడు.

ఆపరేషన్ రోజున వేలి మొదట్లో రెండు మత్తుసూదులు వేశారు. గోరు పెరికిన చప్పుడు విన్నాడు. కళ్లు మాత్రం తిప్పుకోలేదు. చుట్టూ కొంత మంచి చర్మం కలుపుకొని ఎముకదాకా వలిచి, గాయం మూయకుండా కట్టు కట్టారు. వారానికి కబురొచ్చింది: ఒక అంచున జబ్బు కణాలు మిగిలాయి. మళ్లీ కోశారు. ఈసారి అంచులన్నీ శుభ్రంగా తేలాయి. ముంజేతి నుంచి తీసిన చర్మం అతికారు. ఈలోగా భార్య పరీక్షలోనూ ఏమీ లేదని తేలింది.

కట్టు విప్పిన రోజున వైద్యురాలు, "వంచండి," అంది.

కొస కీలు సగం వంగింది, నడిమి కీలు పూర్తిగా వంగింది. అతను మళ్లీ చాపి, మళ్లీ వంచాడు.

"తిరిగి రావచ్చు. నాలుగు నెలలకోసారి చూపించుకోవాలి. మళ్లీ ఏదైనా లేస్తే..."

"ముట్టుకోను డాక్టరమ్మా. తిన్నగా మీ దగ్గరికే వస్తాను."