ఇరవై మూడు పళ్ళేలు

దొరబాబు నమ్మి చెప్పిన మాటను సిద్ధార్థ కంప్యూటరులో 'వృథా' అన్న గడిలో వేశాడు. మూడు వారాలు తిరక్కుండా దొరబాబు ఉద్యోగం పోయింది.

అది తొంభై అయిదో సంవత్సరం. సింగపూరు ఉత్తరపు కొసన, పడవల్లో వచ్చిన వియత్నాం వాళ్ళను ఉంచిన శిబిరం ఖాళీ అవుతోంది. ఇంకా మిగిలింది ఏ దేశమూ రమ్మనని వాళ్ళే. ఒక్కొక్కరి తిండికీ పడకకీ ఎంతవుతోందో తేల్చే ప్రోగ్రాం రాయమని రాఫెల్స్ ప్లేస్‌లోని ఒక కంపెనీ సిద్ధార్థను అక్కడికి పంపింది. కాకినాడ నుంచి ఏడాది కాంట్రాక్టు మీద వచ్చినవాడు. ఏదో ఒక దుబారా పట్టి చూపిస్తేనే రెండో ఏడు.

దొరబాబు అక్కడ వంటశాల పెద్ద. తాత విశాఖ వైపు నుంచి ఇక్కడి రబ్బరు తోటల్లో కూలికి వచ్చాడు. శిబిరం తెరిచిన రోజు నుంచీ గరిటె ఆయనదే. మొదటి రోజే సిద్ధార్థ తెచ్చుకున్న టిఫిన్ డబ్బా మూత మూయించాడు.

"ఏటది, నిన్నటి బ్రెడ్డా? మనోడివి, ఇక్కడే మకాన్ చెయ్యి తంబీ." మకాన్ అంటే అక్కడి మలాయీ మాటలో తిండి.

నెలకు రెండు రోజులు, ఉన్న మనుషుల కంటే ఇరవై మూడు పళ్ళేలు ఎక్కువ వెళ్తున్నాయని ప్రోగ్రాం పట్టేసింది.

"అంకుల్, ఈ ఎక్స్‌ట్రా ప్లేట్లు ఎవరికి?"

దొరబాబు గంజి వారుస్తూ కంచె వైపు గడ్డం ఊపాడు. అక్కడ ఒకావిడ మూడు పళ్ళేలు నేల మీద పెట్టి, అగరొత్తి వెలిగించి నిలబడి ఉంది.

"ఆవిడ మొగుడూ, ఇద్దరు పిల్లలూ. పడవ బోల్తా పడింది. అమాస్యకీ పున్నానికీ ఎడతారు వీళ్ళు, మనలాగే. ఇక్కడోళ్ళందరికీ కలిపి పోయినోళ్ళు ఇరవై ముగ్గురు. నేనే ఎట్టమన్నాను. కాయితం మీద రాయకు, లా," అన్నాడు సింగపూరు ఊతపదంతో.

"నాకెందుకు అంకుల్," అన్నాడు సిద్ధార్థ.

అతని గదిలో తెలుగు క్యాలెండరు ఉంది. అందులో అమ్మ తిథికి ఎర్ర సున్నా. ఆ ఏడు కిటికీ గట్టు మీద ముద్ద పెట్టి, ఆఫీసుకు ఆలస్యమైనా కాకి కోసం గంటసేపు నిలబడ్డాడు. అలాంటివాడు తెలియక రాశాననడానికి లేదు.

రిపోర్టు భేష్ అన్నారు. రెండో ఏడు దక్కింది. ఆ ప్రోగ్రాముకు కంపెనీ తీసుకున్న డబ్బుతో ఆ పళ్ళేలు ఇరవై ఏళ్ళు పెట్టొచ్చు. ఆ సంగతి మాత్రం రిపోర్టులో లేదు.

దొరబాబు ఉద్యోగం పోయాక వచ్చిన పున్నానికి ఆవిడ తన పళ్ళెంలోని అన్నమే మూడు ముద్దలు చేసి కంచె దగ్గర పెట్టింది. ఆ పూట ఆమె తినలేదు. కంప్యూటరులో తిన్నట్టే ఉంది.

మరుసటి ఏడు శిబిరం మూసి, మిగిలినవాళ్ళను వెనక్కి పంపేశారు. ఆ తర్వాత ఒక ఆదివారం సిద్ధార్థ లిటిల్ ఇండియాలో నువ్వులు కొనుక్కుని హోటల్లోకి వెళ్తే, బల్ల తుడుస్తున్నది దొరబాబు.

"అంకుల్, ఆ రోజు నేను..."

దొరబాబు తుడవడం ఆపలేదు. పొట్లం వంక చూశాడు.

"నువ్వులా? ఎవరికి?"

"అమ్మకి."

"అన్నం కొంచెం ఎక్కువే వండు తంబీ. మిగిలితే మీ ఇంట్లో ఎవరూ రాసుకోరులే."