శనివారం బ్రెడ్డు

ఆ రోజుల్లో మా ఏలూరులో బ్రెడ్డు గుమ్మం దాటి లోపలికి వచ్చిందంటే ఇంట్లో ఎవరో మంచం పట్టారని అర్థం. ఒంట్లో బాగున్నవాళ్లు కూడా దాన్ని తింటారని ఇరవై రెండేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. మా పెద్దన్నయ్యకి టైఫాయిడ్ వచ్చినప్పుడు నాన్న రోజూ సాయంత్రం కాగితంలో చుట్టిన బ్రెడ్డు తెచ్చేవారు, అమ్మ పాలలో ముంచి తినిపించేది. నలభై రోజుల తరవాత ఒక సాయంత్రం నాన్న వట్టి చేతులతో వచ్చారు. ఆపైన మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా గంజే తాగాం.

అందుకని ఎనభైల మొదట్లో కొత్త కాపురానికి అమెరికాలో సన్నీవేల్ వచ్చిన మొదటి శనివారమే, మా ఆయన ఫార్మర్స్ మార్కెట్ నుంచి మూరెడు పొడుగు ఫ్రెంచి బ్రెడ్డు చంకలో పెట్టుకుని రావడం చూసి నా గుండె జారిపోయింది. "ఒంట్లో బాగాలేదా అండీ?" అన్నాను. "బ్రహ్మాండంగా ఉంది. ఈ క్రొసాంట్ తిని చూడు, అంతా వెన్నే," అన్నారు సంచిలోంచి నెలవంకలాంటి రొట్టె ఇంకొకటి తీసి. రోగం దాచుకునేవాళ్లు ఇలాగే మాట్లాడతారని నాకు తెలుసు. మనిషి సన్నగా ఉన్నారు (పెళ్లిలోనూ సన్నగానే ఉండి ఉంటారు, నేను తలెత్తి చూస్తేగా), పొద్దున్నే దగ్గుతున్నారు. కాఫీ ఇచ్చే నెపంతో నుదురు తాకి చూసేదాన్ని. నాకా, డ్రైవింగ్ రాదు, ఫోనెత్తి హలో అనాలంటేనే భయం. ఈయనకేదైనా అయితే ఈ ఊళ్లో దహనం ఎక్కడ చేస్తారో కూడా తెలియదు.

నాలుగో శనివారం నేనూ వెంట వెళ్లాను. ఆయన టమాటాలు ఏరుతుంటే, బ్రెడ్డు అమ్మే ఫ్రెంచి ముసలావిడ దగ్గరికి పోయి, ఈయన ఎన్నాళ్లుగా ఇది కొంటున్నారని నా కాలేజీ ఇంగ్లీషులో అడిగాను. "రెండేళ్లుగా. వానలో కూడా ఒక్క వారం మానలేదు," అందావిడ గర్వంగా. అన్నయ్య తిన్నది నలభై రోజులే. అక్కడే ఉల్లిపాయల పెట్టె మీద కూలబడి ఏడ్చేశాను. ఆవిడ కంగారుపడి వేడివేడి చాక్లెట్ రొట్టె ఒకటి నా చేతిలో పెట్టింది. అది పట్టుకుని ఇంకా ఏడ్చాను.

ఆయన పరుగున వచ్చారు. సంగతి విని మార్కెట్టంతా తిరిగి చూసేలా నవ్వారు. అన్నయ్య మాట చెప్పగానే ఆ నవ్వు ఆగిపోయింది. "నాకే జబ్బూ లేదు. ఇక్కడ బాగున్నవాళ్లే తింటారు," అన్నారు మెల్లగా. పై శనివారం పాలకూర ఒక్కటే తెచ్చారు. ఇక ఎప్పుడూ బ్రెడ్డు తేలేదు. నా భయం తీరిందన్న సంతోషంలో, ఆయనకి ఎంత ఇష్టమో ఒక్కసారీ అడగలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పోయిన చలికాలం, డాక్టర్లు చేతులెత్తేశాక, ఏం తింటారని అడిగాను. "ఆ బ్రెడ్డు తేవోయ్. ఇప్పుడు నీకు అభ్యంతరం ఉండదుగా," అని నవ్వారు. తెచ్చాను. పాలలో ముంచబోతూ, ఎందుకో మొదటి ముక్క నేనే నోట్లో వేసుకున్నాను. పైన కరకర, లోపల దూది. ఇన్నేళ్లూ బలవంతంగానైనా తినిపించనందుకు ఆయన మీద కోపం వచ్చింది.

"ఎలా ఉంది?" అన్నారు.

"బాగుంది."

"చెప్పానుగా," అన్నారు.

ఇప్పుడు శనివారం శనివారం నేనే వెళ్లి కొంటున్నాను. చాక్లెట్ రొట్టె కనిపించినప్పుడల్లా ఆ ఉల్లిపాయల పెట్టె మీది పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. తినవే పిచ్చిదానా, మీ ఆయన పక్కనే ఉన్నాడు, రొట్టె ఇంకా వేడిగానే ఉంది, అని చెప్పాలనిపిస్తుంది.