మునిరత్నం సార్ కొన్న ట్యాబ్లెట్

బొమ్మలు గీసుకునే కొత్త పెన్ ట్యాబ్లెట్ వచ్చింది. ఇన్నాళ్ళూ నా పనికి వాడుకున్న పాతదాన్ని పెట్టెలో పెట్టేముందు తుడుస్తుంటే, అంచున ఉన్న మీటల సందులోంచి దూదికి తెల్లటి పొడి అంటుకుంది. వాసన చూశాను. ముఖానికి రాసుకునే పౌడరు. ఇన్నేళ్ళయినా వాసన పూర్తిగా పోలేదు. అది అక్కడికి ఎలా చేరిందో తెలిసినవాళ్ళం ఇప్పుడు ఇద్దరమే ఉన్నాం, నేనూ, కమలమ్మత్తా. పూసింది ఆమె భర్త మునిరత్నం సార్. నాకు బొమ్మలు గీయడం నేర్పిన మనిషి.

బంగారు గనుల కాలనీ కోరమండల్‌లో మా ఇళ్ళ వరుసలోనే వాళ్ళ ఇల్లు. గనులు నడిచే రోజుల్లో సార్ సర్వే ఆఫీసులో ట్రేసరుగా పనిచేశారు. ఇంజనీర్లు గీసిన సొరంగాల పటం మీద పల్చటి ట్రేసింగ్ గుడ్డ పరిచి, కింద కనిపించే ప్రతి గీతనూ ఇంకుతో మళ్ళీ గీయడం ఆయన పని. కొలతల కోసం సర్వేవాళ్ళతో పాటు లోపలికి కూడా దిగేవారు. గనులు మూతపడ్డాక ఇంటి వరండాలో పిల్లలకు డ్రాయింగు నేర్పారు. నేను బడి నుంచి నేరుగా అక్కడికే పోయేదాన్ని. పెన్సిలు చేతికి ఇచ్చేముందు ఆయన ఊపిరి పట్టడం నేర్పారు. గీత మొదలయ్యే ముందు గాలి పీల్చాలి, గీత ముగిశాకే వదలాలి. “నడమ వదిల్తే గీత వంకర పోతాదమ్మా. ఆ వంకరని నమ్మి కింద ఎవడో తవ్వుకుంటా పోతాడు” అనేవారు. మేం గీసేది మామిడిపండ్లూ, పిల్లులూ. అయినా ఊపిరి బిగబట్టే గీసేవాళ్ళం.

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే పనిలో చేరి, బెంగళూరుకు రోజూ రైల్లో తిరుగుతున్నప్పుడు సార్‌కు ఆయాసం మొదలైంది. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో నిలిచిపోయిందనీ, అది ఇక పెరిగేదే తప్ప తగ్గేది కాదనీ డాక్టర్లు చెప్పారు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఆయన ఇంకు కలాలన్నీ కడిగి డబ్బాలో సర్దుతున్నారు.

“ఇంగ వీటితో కాదు. సగం గీతకే ఊపిరి అయిపోతాంది” అన్నారు. డబ్బాకు మూత పెట్టి, “ఒకటి మిగిలిపోయిందమ్మా. ఇన్నేండ్లు ఇంగొకరి గీత మీదనే గీసినాను. నాదంటూ ఒక్క బొమ్మ లేదు. మీ అత్తని గీయాలని ఉండాది” అన్నారు.

కమలమ్మత్త వాకిట్లో కూర్చుని, సుగటూరులోని పుట్టింటి నుంచి వచ్చిన రాగులు చెరుగుతోంది. తల ఎత్తకుండానే అంది, “భూమి కింద ఉండే బొక్కలన్నీ గీసినాక ఇంట్లో ఉండే మనిషి కనబడింది ఈయనకి. గీసుకోనీ. మొగమంతా ముడతలే, గీతలకి కరువు లేదు.”

సార్ నవ్వారు. నవ్వు దగ్గుగా మారింది. అది ఆగేదాకా కమలమ్మత్త చేట కింద పెట్టి ఆయన వీపు రాస్తూ నిలబడింది.

మరుసటి వారం నా ట్యాబ్లెట్ తీసుకెళ్ళాను. దానికి తెర లేదు. పలక మీద పెన్ను కదిపితే గీత ఎదురుగా ఉన్న కంప్యూటర్లో పడుతుంది. తప్పిన గీతను వెనక్కి తీసుకోవచ్చు, ఇంకు ఎండిపోతుందన్న తొందర లేదు, ఎంతసేపైనా ఆగి మొదలుపెట్టుకోవచ్చు. సార్ కాసేపు ప్రయత్నించి పక్కన పెట్టేశారు. “చెయ్యి ఒక ఊర్లో, గీత ఇంగొక ఊర్లో. నడమ బస్సు కూడా లేదే” అన్నారు.

తెర మీదే గీసే ట్యాబ్లెట్లు ఖరీదైనవి. నేను కొనిస్తానంటే ఒప్పుకోలేదు. ఆయన పెన్షనుకు అందేది వెతుకుతూ ఇద్దరం బెంగళూరు వెళ్ళాం. స్టేషను మెట్ల మీద మాటిమాటికీ ఆగాల్సి వచ్చింది. దుకాణంలో మాకు అందే ధరలో రెండే ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదే మేలని దుకాణం ఆయన చెప్పాడు, నాకూ అలాగే అనిపించింది. సార్ పెన్ను కొంచెం వాల్చి చిన్న గీత గీసి, తల పక్కకు వంచి చూశారు. పెద్దదాంట్లో గాజుకూ తెరకూ మధ్య కాస్త ఎడం ఉంది. పెన్ను మొన ఒకచోట, గీత దాని కింద కొంచెం పక్కగా. చిన్నదాంట్లో తెర గాజుకు అతికి ఉంది.

“చిన్నదాంట్లో కళ్ళు లాగుతాయి సార్” అన్నాను.

“కండ్లద్దాలు ఉండాయి కదమ్మా. ములుకు, గీత ఒక తావున కలవాల. అది చాలు నాకు.”

చిన్నదే కొన్నాం. నా పాత లాప్‌టాప్ దానికి జతచేయాలని మరునాడు పొద్దున వెళ్ళాను. నేను వైర్లు విప్పుతుండగా సార్ చేతులు కడుక్కుని వచ్చి, తెరను గుడ్డతో తుడిచి, కమలమ్మత్త పౌడరు డబ్బా తెచ్చి దాని మీద చల్లి, అరచేత్తో అంతటా రుద్దేశారు. నేను కేక పెట్టాను. ట్రేసింగ్ గుడ్డ మీద చేతి జిడ్డు ఉంటే ఇంకు పట్టదు. అందుకని ట్రేసర్లు రోజూ పని మొదలుపెట్టేముందు గుడ్డకు పౌడరు రుద్దేవారట. ఆయన చెయ్యి ఆ పని చేసేసింది. కమలమ్మత్త గుమ్మంలో నిలబడి, “నా పెండ్లిలో నాకే ఇంత పౌడరు పూయలేదు” అంది. మేం ముగ్గురం కలిసి అంతగా నవ్వుకోవడం అదే చివరిసారి.

గీతలోని వణుకును దానంతటదే సరిచేసే ఏర్పాటు ఈ ట్యాబ్లెట్లలో ఉంటుంది. అది పెట్టి ఇచ్చాను. సార్ ఎదురుగా కూర్చున్న కమలమ్మత్త చేతిలోని చేట అంచు గీయడం మొదలుపెట్టి మధ్యలో దగ్గారు. గీత మాత్రం నున్నగా, ఒక్కటిగా వచ్చింది. దానివైపు చాలాసేపు చూశారు.

“ఇది ఎవురిదమ్మా?”

“మీదే సార్.”

“నేను నడమ దగ్గినాను కదా. ఆ దగ్గు యాడ పోయింది?”

చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టారు. “ఇంగొకరి గీత మీద గీసింది చాలమ్మా. తీసెయ్ దాన్ని.”

తీసేశాను. గీతను వెనక్కి తీసుకునే మీటనూ ఆయన వాడలేదు. ఊపిరి ఆడినంత గీసి, ఆగి, మళ్ళీ అందుకునేవారు. గీతలు తెగి తెగి పడేవి. రోజూ పొద్దున కమలమ్మత్త ఎదురుగా చేట పట్టుకుని కూర్చునేది. రానురాను గీసే సేపు తగ్గింది, ఆగే సేపు పెరిగింది. వానలు మొదలైనప్పుడు ఆయన ఆసుపత్రిలో చేరారు. తిరిగి రాలేదు.

కర్మలు అయ్యాక కొన్నాళ్ళకు కమలమ్మత్త ట్యాబ్లెట్‌నూ, లాప్‌టాప్‌నూ పాత తువ్వాలులో చుట్టి మా ఇంటికి తెచ్చింది. “నువ్వు పూర్తి చెయ్యమ్మా. ఆయన నేర్పిన చెయ్యే కదా నీది” అంది.

బొమ్మ తెరిచాను. చేట, చేతులు, చీర కుచ్చిళ్ళు ఉన్నాయి. ముఖం నుదుటి దగ్గర మొదలై ముక్కు దాకా వచ్చి ఆగింది. కమలమ్మత్త ఎదురుగా కూర్చోవడమే కాని, దాన్ని దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. వంగి, గీత వెంట వేలు పోనిచ్చింది. తెగిన చోటల్లా వేలు ఆగింది.

“ఈడ దగ్గినాడు. ఈడ నీళ్ళడిగినాడు. ఈడ పాలు పొంగినాయని నేను లేచి పోయినాను, దానికి తిట్టినాడు.” వేలు ముక్కు దగ్గరికి వచ్చింది. “ఈడ, చాలు కమలా, మిగతాది రేపు అన్నాడు.”

చాలాసేపు వేలు అక్కడే ఉంచింది. తర్వాత తీసి, గాజు మీద పడిన మరకను కొంగుతో తుడిచింది.

“మూసెయ్ అమ్మా. నువ్వు గీస్తే తెగకుండా వస్తాది.”

ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మిగిలిన ముఖం గీయడానికి నాకు ఒక పూట కూడా పట్టదు. కమలమ్మత్తను రోజూ చూస్తాను కాబట్టి పోలిక తప్పదు. అప్పుడప్పుడు తెరిచి, ఆయన ఆగిన చోటు దాకా చూసి మూసేస్తాను.