టౌన్‌హాల్ వాకిలి మీది సున్నం పువ్వు

ఈ రోజు కువైట్‌లో, అర్దియాలోని మా ఇంటికి వంటగది గోడ ప్లాస్టరింగ్ చేయడానికి మేస్త్రి వెంకటయ్య వచ్చాడు. మాదీ అతనిదీ కడప దగ్గర ఒకే ఊరు. టీ ఇస్తూ, మా ఊరి పాత టౌన్‌హాల్‌ను పడగొడుతున్న వీడియో చూపించాను. అతను తాపీ కింద పెట్టేశాడు.

“అక్కా, ఆ వాకిలి కమాను మీద సున్నం పువ్వు మా జేజినాయన చేసిందే. కరక్కాయ నీళ్లు, బెల్లం పోసి సున్నం నూరినాడంట. లీవుకు పోయినప్పుడు ఫోటో తీసుకుందామనుకుంటి.”

“ఇక్కడికొచ్చాక మూడుసార్లు వెళ్లొచ్చావు కదయ్యా?”

“యాడికి పోతాదిలే అనుకుంటి.”

ఆ హాలు శిలాఫలకం మీద చందాలిచ్చిన పెద్దలందరి పేర్లూ ఉండేవి, కట్టిన మేస్త్రి, వెంకటయ్య తాత పేరు మాత్రం లేదు. ఆయన గుర్తుగా మిగిలింది ఆ పువ్వొక్కటే.

అతను వెళ్లాక, తేదీలు రాసి దాచుకున్న మా ఆల్బమ్‌లన్నీ తీశాను. స్కూలు బహుమతుల రోజు నుంచి మా అక్క పెళ్లి దాకా ఆ వాకిట్లో దిగిన ఫోటోలు పద్నాలుగు ఉన్నాయి. అన్నింట్లోనూ మా ముఖాలే. పువ్వు ఒక్కదాంట్లోనూ పడలేదు.

మన ఊరివాళ్లు మీ ఆల్బమ్‌లు ఒకసారి తీయండి. మనుషుల్ని కాదు, వాళ్ల తలల పైన చూడండి. వంటగది గోడ పని పూర్తి కాలేదు, వెంకటయ్య రేపు మళ్లీ వస్తాడు.